ఎక్కమన్నదెవరు

"ఆ టమోటాలు నీవే అని చెప్పాలమ్మా. అంతే, ఒక్క ముక్క," అన్నాడు వకీలు వెంకటేష్.

యశోదమ్మకు ముందు ఆ మాట తలకెక్కలేదు. మదనపల్లె కోర్టుకు ఎదురుసందులో, జిరాక్సు అంగడి మీద చిన్న రూము అది. బల్లకు అవతల ఆయన, ఇవతల స్టూలు మీద ఆమె. ఆమెకు కుడి మోచేతి కింద చెయ్యి లేదు. రవిక చేతిని లోపలికి మడిచి పిన్నీసు పెట్టుకుంది. ఎదుటి మనిషి చూపు ముందు ఆ పిన్నీసు మీదికి పోయి, తర్వాత మొహం మీదికి రావడం ఆమెకు అలవాటైపోయింది.

"నావా?" అంది.

"నీవే. చెంగల్రాయుడి మడిలో అరెకరా గుత్తకు తీసుకుని పంట పెట్టినావు. నీ పంట నువ్వు మార్కెట్టుకు తీసుకుపోతా లారీ ఎక్కినావు, అది బోల్తా పడింది. సరుకు సొంతదారు సరుకుతో పాటు పోతావుంటే ఇన్సూరెన్సు కంపెనీ పరిహారం ఇయ్యాల్సిందే. లోడు లారీలో ఊరికే ఎక్కి పోయే మనిషికైతే ఒక్క పైసా ఇయ్యబళ్లేదు. ఢిల్లీలో పెద్దకోర్టు అట్లనే చెప్పేసింది."

"మేము ఊరికే ఎక్కింటిమా సార్? పండ్లు కోసింది మేము. ఏరింది మేము. పెట్టెలు నింపి లారీలోకి ఎత్తింది మేము. మండీలో దించేదానికి మమ్మల్ని పంపించినారు."

"ఎవరు పంపించినారు?"

"చెంగల్రాయుడు సామి."

"నేనే పంపించినానని ఆయన చెప్తాడా?"

యశోదమ్మ తల అడ్డంగా ఊపింది.

"చెప్తే ఈ అబద్ధంతో పనే లేదు," అన్నాడు వెంకటేష్, కట్ట విప్పి కాగితాలు తిరగేస్తూ. "సొంతదారు తన మనిషిని సరుకు వెంట పంపించినా చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఆయన మనకు సాక్షి కాదు. కంపెనీ తరఫున వస్తాండాడు, మంగళవారం. 'నాకు తెలీకుండా వాళ్లే ఎక్కినారు' అని చెప్పేదానికి. నీ చెయ్యి కేసు, మీ చెల్లెలు నాగమ్మ చనిపోయిన కేసు, రెండూ ఈ ఒక్క మాట మీదే నిలబడుండాయి. ఎక్కమన్నదెవరు? అది తేలకపోతే రెండూ పోతాయి."

ఆమె కిందికి దిగింది. సందులో నిలబడి కాసేపు ఎటు పోవాలో తోచలేదు. నలభై ఏళ్ల బతుకులో ఒక సెంటు నేల తనది అని అనుకున్న పాపాన పోలేదు. నీ మడి, నీ పంట, నీ పండ్లు అని ఎవరూ అనలేదు. ఇప్పుడు చెయ్యి పోయి మూడేళ్లయినాక అంటున్నారు, అది కూడా అబద్ధం ఆడమని. పండ్లు తనవైతే తెగింది చెయ్యి అవుతుందంట. పండ్లు తనవి కాకపోతే తెగింది చెయ్యే కాదంట. ఆ కోపంతోనే పుంగనూరు బస్సెక్కింది.

*

మరునాడు పొద్దున్నే చెంగల్రాయుడి మడికి పోయింది. సోమలకు పోయే దారిలో ఊరి బయట, గుట్ట వారగా రెండెకరాల తోట. కట్టెలు నాటి పురికొసతో లేపి కట్టిన చెట్లు. వరసల మధ్య ఆడవాళ్లు వంగి, దోరకాయ ఒక బకెట్లోకి, పండు ఇంకో బకెట్లోకి కోస్తున్నారు. గట్టు మీద గోనెపట్టాలు పరిచి గుట్ట పోస్తున్నారు. చెంగల్రాయుడు ఖాళీ పెట్టె బోర్లించుకుని దాని మీద కూర్చుని, వాళ్లు ఏరిన గుట్టను మళ్లీ తాను ఏరుతున్నాడు. ఎంత బాగా ఏరినా ఆయన చెయ్యి పడందే ఆ గుట్ట పెట్టెలోకి ఎక్కదు. ఇరవై ఏళ్లుగా అదే వరస.

"ఏం యశోదా, పనికొచ్చినావా? ఒంటిసేత్తో ఏం సేస్తావే?" అన్నాడు తలెత్తకుండా.

"పనికి రాలేదు సామీ. ఒక మాట అడగను వచ్చినా."

"మంగళారం మాటేనా?"

"నువ్వు సెప్పాల్సింది ఒకటే సామీ. నేనే ఎక్కమన్నానని. ఉండేది ఉన్నట్టు. నీ సేతినుంచి ఒక్క రూపాయి పోదని వకీలు సెప్పినాడు."

చెంగల్రాయుడు ఒక పండు తిప్పి చూసి, మచ్చ కనబడగానే పక్కకు విసిరేశాడు. "మీ వకీలు అట్లంటాడు. కంపెనీ మనిషి వచ్చి ఇంకోతీరు సెప్పిపోయినాడు. 'నువ్వు ఎక్కించినానంటే నష్టమంతా నీ మిందికే వస్తాది, మడి జప్తు సేస్తారు' అన్నాడు. నా మడి పోగొట్టుకుని నీకు సాక్ష్యం సెప్పాల్నా?"

"ఆయప్ప బెదిరించినాడు సామీ."

"బెదిరించినాడో, నిజమే సెప్పినాడో. నాకెందుకు ఆ గొడవ? మీరే ఎక్కినారు. నేను సూడలేదు."

వరసల్లో వంగిన తలలు కొన్ని పైకి లేచాయి, మళ్లీ వంగాయి. యశోదమ్మ ఎడమచెయ్యి కొంగును గట్టిగా పట్టుకుంది.

"ఆ పొద్దు నాగమ్మ ఏమనింది సామీ? లారీ మింద నాకు బయం, బస్సుకు పోతా అనింది. బస్సు చార్జీ మీ నాయనిస్తాడా, ఎక్కు అన్నావు. అన్నావా లేదా?"

"సచ్చినోళ్ల మాటకు సాక్ష్యం యాడుండాది?"

"నేను సావలేదు గదా."

చెంగల్రాయుడు అప్పుడు తలెత్తి చూశాడు. కోపంగా కూడా కాదు. లెక్కలేనట్టు. "నువ్వు కూలిదానివి యశోదా. కోర్టులో నీ మాట ఎవురు రాసుకుంటారు?"

ఆ లారీ ఓనరు పగిలిపోయిన టమోటా పెట్టెలకు వెల కట్టి ఎనిమిదో రోజుకే ఈ మనిషి చేతిలో పెట్టాడు. పెద్దమనుషులు కూర్చుని మాట్లాడారు, కాఫీలు తాగారు, లేచారు. అప్పటికి యశోదమ్మ ఆస్పత్రిలోనే ఉంది. నాగమ్మను పూడ్చిన మట్టి ఇంకా ఆరలేదు. టమోటాలకు ఎనిమిది రోజులు. మనుషులకు మూడేళ్లయినా ఇంకా ఎవరు ఎక్కమన్నారనే మాటే తేలలేదు.

ఇంకేమన్నా లాభం లేదని యశోదమ్మకు తెలిసింది. గట్టు దిగి ఒక వరసలోకి పోయి, ఎవరూ పిలవకుండానే ఒక బకెట్ నింపింది. ఎందుకు నింపిందో ఆమెకే తెలియదు. ఒంటిచేత్తో కాయ తుంచితే కొమ్మ ఊగుతుంది, పక్కకాయ రాలుతుంది. మోచేతి మొండితో కొమ్మను పొట్టకు అదిమిపట్టి తుంచింది. బకెట్ తెచ్చి గుట్ట మీద కుమ్మరించింది. ఆకు పసరు అంటుకుని అరచెయ్యి నల్లగా జిగటెక్కింది. ఆ పసరు నీళ్లకు పోదు. పచ్చికాయ చిదిపి రెండు చేతులూ రుద్దుకుంటేనే పోతుంది. చిదపడానికి ఆమెకు రెండో చెయ్యి లేదు. పక్క వరసలోని సావిత్రమ్మ చూసి, మాట్లాడకుండా వచ్చి, ఒక కాయ చిదిపి ఆమె అరచెయ్యి పట్టుకుని రుద్దింది.

"మేమంతా ఇన్నామక్కా ఆ పొద్దు," అంది గొంతు తగ్గించి. "సెప్పమంటే మాత్రం సెప్పలేం. రేప్పొద్దున పని యాడ?"

"నిన్ను అడిగేదానికి రాలేదులే," అంది యశోదమ్మ.

*

ఆదివారం కుప్పం పోయింది. లారీ తోలిన మునిస్వామి ఇప్పుడు అక్కడ బస్టాండు వెనక పంచరు అంగడి పెట్టుకున్నాడు. పలమనేరులో బస్సు మారి చేరేసరికి మధ్యాహ్నమైంది.

మునిస్వామి ఆమెను చూసి చేతిలోని ట్యూబును నీళ్ల తొట్టిలో వదిలేశాడు. ఆయన చూపు కూడా ముందు పిన్నీసు మీదికే పోయింది.

"కూసో అక్కా. టీ తాగుతావా?"

"టీకి రాలేదప్పా. ఎక్కమన్నది ఎవురో నీకు తెలుసు. వచ్చి సెప్తావా?"

మునిస్వామి ట్యూబు పైకి తీసి గుడ్డతో తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. "పోలీసులకు అప్పుడే రాసిచ్చేసినా అక్కా. వాళ్లు ఎక్కింది నాకు తెలీదు అని. లోడు బండిలో మనుషుల్ని ఎక్కించుకుంటే బండి పర్మిట్టు పోతాదని మా ఓనరు అట్ల రాయించినాడు. నా మింద క్రిమినల్ కేసు ఇంకా నడస్తాండాది. ఇప్పుడు మాట మారిస్తే నేను జైలుకే."

"నువ్వు బిరీన తోలబట్టే గదా బండి పడింది?"

"అవునక్కా." ఆయన తల వంచుకున్నాడు. "పొద్దున ఏలంపాటకు లోడు అందాలని తొందర పెట్టినారు. నేనూ తోలినా. ఆ మలుపు కాడ పట్టు తప్పింది. దానికి నన్నేమన్నా అను, పడతా."

ఆమెకు అనబుద్ధి కాలేదు. అందరూ ఒక్కో కాగితం రాయించుకున్నారు. ఓనరు పర్మిట్టు కోసం, డ్రైవరు జైలు తప్పించుకోవడానికి, చెంగల్రాయుడు మడి కోసం. ఆ కాగితాలన్నీ కలిపి చదివితే ఆ పొద్దు యశోదమ్మా నాగమ్మా గాల్లోనుంచి వచ్చి ఆ పెట్టెల మీద కూర్చున్నారు.

ఆమె లేస్తుంటే మునిస్వామి అన్నాడు: "చెంగల్రాయుడు ఎట్లాంటోడో నాకు ఆ పొద్దే తెలిసిందక్కా. బండి పడినాక మోటారుసైకిల్లో వచ్చినాడు గదా? పెట్టెల కింద మీరు అరస్తాండారు. పక్కూరోళ్లు వచ్చి మిమ్మల్ని బయటికి లాగేదానికి పెట్టెలు పక్కకు నూకతాండారు. ఆయప్ప ఏమన్నాడో తెలుసా? 'నా మాట లేకుండా నా లోడు మింద ఎవుడ్రా సెయ్యేసింది' అన్నాడు. ఊరోళ్లు మొహాన ఉమ్మేసేటట్టు సూసినారు. అయినా తగ్గలేదు."

యశోదమ్మకు ఆ కేక జ్ఞాపకం ఉంది. పెట్టెల కిందనుంచి విన్నది. ఏదో పీడకలలో మాట అనుకుంది ఇన్నాళ్లూ.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటనే నమిలింది. మడి పోతుందంటే భయపడతాడు, కోర్టు అంటే భయపడతాడు, కంపెనీ మనిషి అన్నా భయపడతాడు. ఒక్కదాని ముందు మాత్రం ఆ భయాలన్నీ మరిచిపోతాడు. గంగవరం దాటేసరికి ఆమె వెన్ను నిటారైంది.

*

మంగళవారం కోర్టు వరండాలో వెంకటేష్‌ను పట్టుకుంది.

"సార్, టమోటాలు నావని నేను సెప్పను."

"ఏందమ్మా ఇప్పుడీ మాట?" ఆయన మొహం మాడిపోయింది. "ఎట్లా గెలుస్తావు మరి?"

"ఆయన బోనులోకి వచ్చినప్పుడు మీరు ఆయన్ని అబద్ధాలోడు అంటారు గదా?"

"అనాల్సిందే కదా."

"అనొద్దండి. అంటే బిగుసుకుంటాడు, సత్తెం సేసి మరీ అబద్ధమాడతాడు. ఆయన సెప్పింది నిజమే అనండి. కూలోళ్లు ఆయన మాట లెక్కజెయ్యరు, ఆయన లోడు మింద ఎవురైనా ఎక్కొచ్చు, ఎవురైనా దిగొచ్చు, ఆయనకు తెలీదు అనండి. నలుగురూ ఇనేటట్టు అనండి."

వెంకటేష్ ఆమెను కాసేపు చూశాడు. నవ్వబోయి మానుకున్నాడు. లోపల బంట్రోతు పేరు పిలిచాడు.

ముందు ఆమెనే బోను ఎక్కించారు. కంపెనీ వకీలు పెద్దాయన, మెత్తగా మాట్లాడే మనిషి.

"టమోటాలకు ఓనరు నువ్వేనా అమ్మా?"

"కాదు. చెంగల్రాయుడు సామివి."

"లారీకి చార్జీ ఇచ్చినావా?"

"లేదు."

"అంటే ఫ్రీగా పోయినావు."

"ఫ్రీ యాడిది సార్? పెట్టెలు దించేదానికి పోతాంటిమి. కూలికి. ఆ పొద్దు కూలి కూడా ఇంతవరకూ ఇయ్యలేదు."

"అడిగిన దానికే చెప్పు. ఎక్కమని నీకు ఎవరైనా కాగితం రాసిచ్చినారా?"

"కూలోళ్లకు కాగితాలు ఎవురు రాసిస్తారు సార్? ఎక్కు అంటే ఎక్కినాం."

"ఎక్కు అన్నట్టు రుజువు ఏమైనా ఉందా?"

"నా సెల్లెలు ఉండాది. మట్టిలో."

జడ్జి తలెత్తి చూశాడు. ఆయన ఇంగ్లీషులో ఏదో చెప్పాడు, టైపిస్టు కొట్టాడు. తాను చెప్పిందాంట్లో ఎంత ఆ కాగితం మీదికి ఎక్కిందో యశోదమ్మకు తెలియలేదు.

తర్వాత చెంగల్రాయుడు వచ్చాడు. తెల్లపంచె, ఇస్త్రీ చొక్కా, మెడలో కండువా. కంపెనీ వకీలు అడిగినదానికల్లా అప్పజెప్పినట్టు చెప్పాడు. వాళ్లే ఎక్కినారు. నాకు తెలీదు. నేను ఎక్కించలేదు. టైపు మిషను టకటకా కొట్టింది.

వెంకటేష్ లేచాడు. తొందర పడలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు.

"మీరు చెప్పింది నిజమేనండి. నేను కాదనను. మీ తోటలో ఎంతమంది కూలోళ్లు?"

"పదైదు మంది. కోతల్లో ఇరవై."

"పెద్ద తోట. వాళ్లను చూసుకోవడం కష్టమే. ఆ పొద్దు ఇద్దరు మీకు చెప్పకుండా పని వదిలేసి లారీ ఎక్కేసినారు. మీరు చూడను కూడా లేదు."

"ఊ."

"లోడు మీదికి ఎవరు ఎక్కుతారో, ఎవరు దిగుతారో మీకు తెలీదు. పెట్టె పెట్టే ఎత్తుకుపోయినా తెలీదు."

"అట్లేం కాదు." చెంగల్రాయుడు కండువా సర్దుకున్నాడు.

"కాదంటే ఎట్లండీ? ఇప్పుడే కదా చెప్పినారు. పెద్ద రైతు అని పేరే గానీ, ఇద్దరు ఆడకూలీలు కూడా మీ మాట లెక్కపెట్టరు. మీ తోటలో యజమాని మీరు కాదు, వాళ్లే."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. చెంగల్రాయుడి మెడ నరాలు లేచాయి. కంపెనీ వకీలు కుర్చీలోనుంచి సగం లేచాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

"ఎవురన్నారు ఆ మాట?" ఆయన బోను కొయ్య మీద అరచేత్తో చరిచాడు. "నా లోడు మింద నా మాట లేకుండా సీమ గూడా ఎక్కదు! ఎక్కమంటే ఎక్కాల, దిగమంటే దిగాల. ఇరవై ఏండ్లుగా అదే పద్ధతి. నన్ను కాదని లారీ ఎక్కే ధైర్యం దాని యమ్మకుండాదా, దాని యబ్బకుండాదా? కావాలంటే ఆ యశోదనే అడగండి, అదే సెప్తాది!"

చెయ్యి చాపి ఆమెను చూపించాడు.

టైపు మిషను ఆగింది. జడ్జి పెన్ను కింద పెట్టి, మెల్లగా అడిగాడు: "అంటే ఆ రోజు కూడా మీరు ఎక్కమంటేనే ఎక్కినారా?"

"నేననకుండా ఎట్లెక్కుతారు సార్?" అన్నాడు చెంగల్రాయుడు.

జడ్జి టైపిస్టు వైపు తిరిగాడు. టకటక మళ్లీ మొదలైంది. గుమాస్తా ఆ కాగితాన్ని తెలుగులో చదివి వినిపిస్తే చెంగల్రాయుడు ప్రతి మాటకూ తలాడించి, కింద పెద్దగా సంతకం చేశాడు.

*

వరండాలోకి ఆయన గెలిచినవాడిలా వచ్చాడు. కంపెనీ వకీలు పక్కనుంచి పోతూ ఆయన మొహం కూడా చూడలేదు. "కొంప ముంచినావు పెద్దాయనా," అని మాత్రం అని మెట్లు దిగిపోయాడు.

చెంగల్రాయుడు అయోమయంగా నిలబడ్డాడు. చుట్టూ చూస్తే స్తంభం పక్కన యశోదమ్మ తప్ప తెలిసిన మనిషి లేదు.

"ఏమంటాడే ఆయన?"

ఆమెకు చెప్పకుండా పోవచ్చు. ఇంటికి పోయినాక ఎవరో ఒకరు చెప్తారు. కానీ ఆ మొహం తన ముందే మారాలనిపించింది.

"మమ్మల్ని ఎక్కించింది నువ్వేనని సెప్పినావు," అంది. "జడ్జి రాసుకున్నాడు. నువ్వు సంతకం పెట్టినావు."

ఆయన మెడ మీద పొంగిన నరాలు మెల్లగా అణిగాయి. ఒక చెయ్యి కండువా కోసం వెతికింది, అది భుజం మీదే ఉంది.

"నా మడి..."

"నీ మడిని ఎవురూ అడగలేదు చెంగల్రాయప్పా. ముందునుంచీ ఎవురూ అడగలేదు. నువ్వు ఎక్కమన్న మాట ఎక్కమన్నానని సెప్పమంటిమి. నాగమ్మ ఎక్కనంటే అరిచి ఎక్కించినావు. ఇదిగో, ఇప్పుడు కూడా అట్లనే అరిచి సెప్పినావు."

ఆయన ఏదో అనబోయాడు. ఆమె విననట్టు పక్కకు తిరిగింది.

తీర్పు ఉగాదికి ముందు వచ్చింది. రెండు కేసుల్లోనూ కంపెనీయే పరిహారం కట్టాలని రాశారు. నాగమ్మ కూతురు నందిని పేరున కొంత బ్యాంకులో వెయ్యమన్నారు. చెంగల్రాయుడి మడికి ఏమీ కాలేదు. ఆయన మాత్రం యశోదమ్మ వీధి ఆడవాళ్లను పనికి పిలవడం మానేసి, బైరెడ్డిపల్లె దిక్కునుంచి కూలీలను తెప్పించుకుంటున్నాడు.

వెంకటేష్ తీర్పు చదువుతూ తెలుగులో అర్థం చెప్తుంటే యశోదమ్మ ఒకచోట ఆపింది.

"నేను సెప్పింది యాడుండాది సార్ దాంట్లో?"

ఆయన కాస్త తడబడ్డాడు. రెండు పేజీలు వెనక్కి తిప్పాడు. "ఇదిగో. 'ఈమె పరిహారం కోరే మనిషి కాబట్టి ఈమె మాటను మాత్రమే నమ్మి నిర్ణయించలేము. అయితే రైతు తానే ఎక్కించినట్టు ఒప్పుకున్నాడు కాబట్టి...' అని." కాగితం మడిచి నవ్వాడు. "కోర్టు భాష అట్లనే ఉంటాదమ్మా. గెలిచినాం కదా. ఇంకా కోపమేంది?"

"మూడేండ్లు నేను సెప్తే అది నిజం కాలేదు సార్. ఆయన పొగరెక్కి ఒక్కతూరి అరిస్తే నిజమైపాయ."

"దుడ్లు వస్తాయి కదమ్మా."

"వస్తే తీసుకుంటా. నందినిని సదివించుకోవాల." ఆమె స్టూలు మీదనుంచి లేచి, జారిన కొంగును ఎడమచేత్తో లాగి నడుములో దోపుకుంది. "కోపం మాత్రం పోగొట్టుకోమనొద్దండి. అది మా సెల్లెలిది."